లైనింగులో చీటీ

కుట్టుగది, కిటికీ పక్క మిషను
ఫిబ్రవరి 3

ఆడపడుచు పంతులమ్మకి,

వదిన రాస్తున్నాను. మోకాలి నొప్పి తగ్గింది, మిషను మోత తగ్గలేదు. నువ్వు బడిపిల్లలకి స్పానిష్ చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో నాకూ రెండు ముక్కలు నేర్పమని ఒక్కసారైనా అడిగానా? ఇప్పుడు అడుగుతున్నాను. నవ్వుకుంటే నవ్వుకో, కానీ నవ్వడం అయ్యాక నేర్పు.

మా దగ్గర కటింగ్ మాస్టరు ఉన్నాడు కదా. చెవి వెనక ఎప్పుడూ సుద్దముక్క పెట్టుకుని తిరుగుతాడని అందరం సుద్దముక్క మాస్టరు అంటామే, ఆయనే. ఆయనా మనలాగే ఈ చలిదేశానికి వలస వచ్చినవాడు, ఆయన భాష స్పానిష్. మూడేళ్ళుగా ఆయన కత్తిరించింది నేను కుడుతున్నాను. సూది, దారం, ఇక్కడ పట్టు, అక్కడ వదులు, ఈపాటి స్పానిష్ నాకు వచ్చేసింది. చిక్కల్లా నాకు వచ్చినవన్నీ ఇప్పటి మాటలే కావడం. టీ తాగేటప్పుడు ఆయన, "పూర్వం మీరేం చేసేవారు? మీ ఆయన ఎలా ఉండేవారు?" అని అడుగుతాడు. నేను "బస్సు" అని చేతులతో స్టీరింగు తిప్పి చూపిస్తాను. మనిషి పోయి ఆరేళ్ళయింది, ఆయన గురించి చెప్పాలంటే చేతులు తిప్పి ఊరుకోవాల్సి వస్తోంది. నాకే సిగ్గుగా ఉంది. మీ అన్నయ్య అంటే బస్సు ఒక్కటేనా?

కాబట్టి మిగతా వ్యాకరణమంతా నీ దగ్గరే అట్టే పెట్టుకుని, "చేసేవాడు, తినేవాడు, పాడేవాడు" అని చెప్పుకునే ఆ ఒక్క కాలం నేర్పు. ఫోన్లో చెబితే ఈ చెవిలో దూరి ఆ చెవిలోంచి పోతుంది. కాగితం మీద రాసి పంపు, మిషను పక్కన అంటించుకుంటాను. తొందరగా వస్తే మంచిది. ఒకరికి ఒక జవాబు చెప్పాల్సి ఉంది. దాని సంగతి తర్వాత రాస్తాను.

నీ పొట్టి కోటుకి నీలం గుడ్డ దొరికింది. నువ్వు లావయ్యావా, తగ్గావా? నిజం రాయి.

నీ వదిన


స్టాఫ్ రూమ్, నాలుగో పీరియడు
ఫిబ్రవరి 11

వదినా,

నవ్వాను. నవ్వడం అయిపోయింది. ఇక చేతులు కట్టుకుని కూర్చో.

నువ్వు అడిగిన కాలం ఈ భాషలో అన్నిటికన్నా మర్యాదస్తురాలు. నా పిల్లలు మిగతావాటితో కుస్తీ పట్టి పట్టి, దీని దగ్గరికి వచ్చేసరికి హమ్మయ్య అంటారు. నీ పనిలాంటిదే ఇది కూడా, తోక కత్తిరించి కొత్త అంచు కుట్టడమే. క్రియలకి చివర ఆర్, ఎర్, ఈర్ అని మూడు రకాల తోకలుంటాయి. ఆర్ తోక కత్తిరించి ఆబా అంచు కుట్టు. అబ్లార్ అంటే మాట్లాడడం. నేను మాట్లాడేదాన్ని, యో అబ్లాబా. నువ్వైతే అబ్లాబాస్. అతనైనా ఆమె అయినా మళ్ళీ అబ్లాబానే. మేము అబ్లాబామోస్, మీరంతా అబ్లాబాయిస్, వాళ్ళు అబ్లాబాన్. ఎర్, ఈర్ తోకలు రెండిటికీ కలిపి ఒకటే అంచు: ఈయా, ఈయాస్, ఈయా, ఈయామోస్, ఈయాయిస్, ఈయాన్. కొమేర్ అంటే తినడం, కొమీయా. బిబీర్ అంటే ఒకచోట ఉండడం, బతకడం, బిబీయా.

నేను, అతను రెండూ ఒకేలా ఉన్నాయని గమనించావా? అందుకే అనుమానం వచ్చేచోట ముందు యో అనో ఎల్ అనో పెట్టు, లేకపోతే మా అన్నయ్య చేసిన పనులన్నీ నీ ఖాతాలో పడతాయి. మాట వినని మొండి క్రియలు మూడున్నాయి. వాటి పేర్లు కూడా నీకిప్పుడు చెప్పను.

ఎక్కడ వాడాలంటే, రోజూ జరిగేదానికి, ఇంకొకటి జరిగినప్పుడు వెనక నడుస్తూ ఉన్నదానికి, అప్పట్లో ఎవరెలా ఉండేవారో, ఎంత వయసుండేదో చెప్పడానికి. మన "పాడేవాడు", "పాడుతుండేవాడు" రెండూ ఇందులో ఇముడుతాయి. ఒక్కసారి జరిగి అయిపోయినదానికి మాత్రం పనికిరాదు. దానికి వేరే కాలం ఉంది, నీకు అక్కర్లేదన్నావు, సంతోషం.

అయిదు వాక్యాలు రాసి పంపు. ఎర్ర పెన్ను సిద్ధంగా ఉంది. ఇంతకీ ఎవరికి జవాబు, దేనికి? పైగా తర్వాత రాస్తానంటూ ఊరించడం ఎప్పటినుంచి నేర్చావు?

తగ్గలేదు. భుజం పద్నాలుగున్నర, నడుము గురించి అడక్కు.

నీ పంతులమ్మ


కుట్టుగది, కిటికీ పక్క మిషను
ఫిబ్రవరి 24

పంతులమ్మా,

హోంవర్కు ఇదిగో. మా గదిలో ప్రతి బట్టకీ ఒక చీటీ గుచ్చుతాం. కొలతలు, ఏం చెయ్యాలి, ఎప్పటికి కావాలి అన్నీ దాని మీదే ఉంటాయి. పని అయ్యాక చీటీ తీసేస్తాం. పాత చీటీల వెనక ఖాళీగానే ఉంటుంది కదా అని వాటి మీదే రాసి ప్రాక్టీసు చేస్తున్నాను. మాస్టరు అటుగా వెళ్తూ సుద్దతో టిక్కు పెట్టి పోతాడు. నీకు పోటీ పంతులన్నమాట.

మి మరీదో కంతాబా ఎన్ లా ఎస్కలేరా. మా ఆయన మెట్ల మీద పాడేవాడు. గంట కొట్టడం ఏనాడూ లేదు, కింది మెట్టు నుంచి పాట వినబడితే నేను తలుపు తియ్యాలి.

సియెంప్రె దెహాబా ఉన్ పోకో దె తె. ఎప్పుడూ కాస్త టీ వదిలేసేవాడు. గ్లాసు అడుగున సరిగ్గా ఒక్క గుక్క. ఎందుకని అడిగితే, "నువ్వు ఇంకో గ్లాసు ఇస్తావేమోనని" అనేవాడు.

బిబీయామోస్ ఎన్ దోస్ కువార్తోస్. రెండు గదుల్లో ఉండేవాళ్ళం. యో తెనీయా బెయింతె అన్యోస్. నాకు ఇరవయ్యేళ్ళుండేవి.

ఎల్ కొమాబా దె పియె. ఆయన నిలబడే తినేవాడు. రోజంతా బస్సులో కూర్చునే ఉన్నాను కదా, ఇంట్లో కూడానా అనేవాడు.

యో కొసీయా, ఎల్ అబ్లాబా. నేను కుట్టేదాన్ని, ఆయన మాట్లాడేవాడు. కొసేర్ అంటే కుట్టడమట! మనం కోసెయ్ అంటే కత్తిరించెయ్ అని కదా. మాస్టరు కొసేర్ అన్న మొదటి రోజు నేను ఒక పంట్లాం కాలు కోసేశాను. ఆ సంగతి ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇంకొకటి అడగలేదు కానీ రాస్తున్నాను. యో నో ఎస్కుచాబా. నేను వినేదాన్ని కాదు. మిషను మోతలో సగం వినేదాన్ని కాదు పంతులమ్మా. ఇప్పుడు వినాలనిపిస్తుంది.

ఆడపడుచుని ఏమంటారు స్పానిష్‌లో? ఊరికే అడుగుతున్నాను.

నీ వదిన


ఇంట్లో, వంటగది బల్ల
మార్చి 5

వదినా,

కొమాబా కాదు, కొమీయా. ఎర్ తోకకి ఆర్ అంచు కుట్టావు. మిగతా అన్నీ సరిగ్గా ఉన్నాయి. అసలు ఇంత బాగా రాస్తావని అనుకోలేదు. నా క్లాసులో ఏడాది చదివినవాళ్ళు ఇంకా "నా పిల్లి నడిచేది" దగ్గరే ఉన్నారు.

నీ కాగితం వంట చేస్తూ మూడుసార్లు చదివాను. గ్లాసు అడుగున టీ వదిలే సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మా అన్నయ్య టీయే తాగేవాడు కాదు. పాట మాత్రం గుర్తుంది. మా ఇంటికి మెట్లు లేవు, అరుగు మీదే పాడేవాడు. మా అమ్మ "వచ్చాడమ్మా గాయకుడు" అనేది.

ఇంకా రాయి. తప్పులున్నా రాయి. నిజం చెప్పాలంటే తప్పులు దిద్దడానికి కాదు, చదవడానికే ఎదురుచూస్తున్నాను. మా అన్నయ్య గురించి మాట్లాడుకోవడానికి ఈ భూమ్మీద నాకు నువ్వొక్కదానివే మిగిలావు. మా ఇంటి మనిషివి నువ్వు, ఎప్పటికీను.

ఆడపడుచుని కున్యాదా అంటారు. వదినని కూడా కున్యాదానే అంటారు. రెండిటికీ ఒకటే మాట! ఎవరు ఎవర్ని సాధించాలో ఎలా తేల్చుకుంటారో పాపం.

నీ కున్యాదా


కుట్టుగది
మార్చి 22

పంతులమ్మా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులయింది. రెండుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. "మా ఇంటి మనిషివి, ఎప్పటికీను" అన్న ముక్క దగ్గర పెన్ను ఆగిపోతోంది. అదొక మంచి ముక్క. నాకు చాలా ఇష్టమైన ముక్క. అందుకే ఆగిపోతోంది.

నీ పొట్టి కోటు ఈ పార్సిల్లోనే పంపిస్తున్నాను. నీలం పైగుడ్డ, లోపల బూడిదరంగు లైనింగు. వారం రోజులు బల్ల మీదే ఉంది. కటింగు మాస్టరుదే, కుట్టు నాది. నడుము దగ్గర నీకు తెలియకుండా రెండు వేళ్ళ వదులు ఇచ్చాను, తిట్టకు.

మీ అన్నయ్య నడిచేటప్పుడు అర అడుగు ముందు నడిచి, వెనక్కి తిరిగి చూసేవాడు. కమినాబా దెలాంతె. అది కూడా మాస్టరుకి చెప్పాను. ఆయన నవ్వలేదు. తల ఊపి, వాళ్ళావిడ దారం పళ్ళతో కొరికేదని చెప్పాడు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది.

నీతో ఒక మాట చెప్పాలి. ఈ ఉత్తరంలో కాదు. వచ్చే ఉత్తరంలో తప్పకుండా.

నీ వదిన


ఇంట్లో
మార్చి 29

వదినా,

కోటు అందింది. సరిపోయింది.

లోపలి జేబు పక్కన ఏదో గరగరలాడితే లైనింగు కింద వేలు పెట్టి చూశాను. చీటీ ఉంది, గుండుసూదితో సహా. ఒకవైపు నా కొలతలు. రెండో వైపు నీ చేతిరాతతో "మి మరీదో కంతాబా", దాని కింద వేరే చేతిరాత, మీ మాస్టరుదే అయ్యుండాలి. అంతా స్పానిష్‌లోనే ఉంది, నేను పద్దెనిమిదేళ్ళుగా ఇదే చదువుతున్నాను కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

"మరి మీ ఆడపడుచుకి ఈ సంగతి తెలుసా?" అని ఆయన అడిగాడు. "లేదు. నాకు భయంగా ఉంది" అని నువ్వు రాశావు. "నాకూ" అని ఆయన రాశాడు.

ఏ సంగతి వదినా? నాకు తెలియనిది, ఒక గది నిండా మనుషులకి తెలిసినది? మా అన్నయ్య మెట్ల మీద పాడిన పాటకి నాచేత అంచులు కుట్టించుకున్నది ఎందుకు?

కోటు బాగుంది. అది వేరే సంగతి.


మెట్ల పక్క గది, ఇంట్లో
ఏప్రిల్ 4

పంతులమ్మా,

ముప్పై ఏళ్ళలో ఒక్క గుండుసూది కూడా బట్టలో వదల్లేదు నేను. ప్రతి చీటీ లెక్కపెట్టి తీసి డబ్బాలో వేస్తాను. కొత్తగా చేరినవాళ్ళని ఇదే విషయంలో అరిచి చంపుతాను. అలాంటిది నీ కోటులోనే ఎలా వదిలానో నాకు తెలియదు. మరిచిపోయానని అనుకుంటున్నాను. కావాలని వదల్లేదని మాత్రం ఒట్టు వెయ్యలేను.

ఇక చెబుతాను. జనవరిలో మాస్టరు నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. బల్లకి అటు ఆయన, ఇటు నేను, మధ్యలో ఒకరి పంట్లాం. మాటలు చాలక టేపు తీసి, రెండు చివర్లు కలిపి చూపించాడు. నాకు నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది. జవాబు చెప్పలేదు. అప్పుడాయన ఒక మాటన్నాడు. అర్థం చేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. "ముందు మీ ఆయన గురించి చెప్పండి. మా ఆవిడ గురించి నేను చెబుతాను. వాళ్ళని గుమ్మం బయట నిలబెట్టి మనం లోపలికి పోవద్దు" అని.

అందుకని నీ దగ్గర నేర్చుకున్నాను. వేరేవాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు. పుస్తకాలున్నాయి, క్లాసులున్నాయి. కానీ మీ అన్నయ్య గురించి తప్పు రాస్తే దిద్దాల్సింది నువ్వే అనిపించింది. మోసం చెయ్యాలని కాదు. ముందు నీకు చెప్పాలనే ప్రతి ఉత్తరం మొదలుపెట్టేదాన్ని. నువ్వేమో "మా ఇంటి మనిషివి, ఎప్పటికీను" అని రాశావు. ఇక నోరు ఎలా పెగులుతుంది చెప్పు?

నాకు యాభయ్యేళ్ళు. ఒంటరిగా బాగానే ఉన్నాను, ఎవరూ జాలి పడనక్కర్లేదు. ఆ మనిషి పక్కన ఇంకా బాగుంటుంది, అంతే. కానీ నువ్వు నన్ను వదినా అని పిలవడం మానేస్తావంటే, ఆయనకి కాదని చెబుతాను. బెదిరింపు కాదే ఇది. నిజంగా చెబుతాను. మాస్టరుకి కూడా ఆ మాట చెప్పాను. "అయితే ఎదురుచూద్దాం" అన్నాడు. ఎస్పెరాబా, ఎస్పెరాబామోస్. చూశావా, ఇంత కంగారులోనూ అంచు సరిగ్గానే కుట్టాను.

నీ వదిన
(ఇంకా అవునో కాదో నువ్వే రాయాలి)


స్టాఫ్ రూమ్, అందరూ వెళ్ళిపోయాక
ఏప్రిల్ 27

వదినా,

అవును.

ముందు ఆ ఒక్క మాట రాసేశాను. లేకపోతే ఉత్తరం చివరిదాకా ఊపిరి బిగబట్టి చదువుతావు.

మూడు వారాలు రాయలేదు. కోపం వచ్చింది. ఎంత కోపమంటే, మొదటివారం ఆ నీలం కోటు తలుపు వెనక తగిలించి దానికి వీపు పెట్టి కూర్చున్నాను. రెండోవారం చలి వేసింది, తొడుక్కున్నాను. అందరూ ఎక్కడ కుట్టించావని అడిగారు. "మా వదిన కుట్టింది" అన్నాను. నోటికి అదే వచ్చింది. మానేద్దామన్నా రాదు, ముప్పై ఏళ్ళ అలవాటు.

మూడోవారం క్లాసులో ఇదే పాఠం వచ్చింది. ఇంట్లో వాళ్ళెవరి గురించైనా చెప్పండి అన్నాను. ముందు నేనే చూపిద్దామని బోర్డు మీద మి ఎర్మానో కంతాబా అని రాశాను. మా అన్నయ్య పాడేవాడు. రెండో వాక్యం అరుగు, మూడో వాక్యం మా అమ్మ మాట. నాలుగో వాక్యానికి సుద్ద పట్టుకుని నిలబడిపోయాను. రాయడానికి నా దగ్గర ఏమీ లేదు వదినా. వాడికి పెళ్ళయ్యేనాటికి నాకు పదిహేనేళ్ళు. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళు వాడు నీ దగ్గరున్నాడు. ఆ టీ గ్లాసూ, అర అడుగు ముందు నడవడమూ, అన్నీ నీ దగ్గరే ఉన్నాయి. బోర్డు మీద నాలుగో వాక్యం నీదే రాశాను. సియెంప్రె దెహాబా ఉన్ పోకో దె తె. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. క్లాసులో మా అన్నయ్యని తలుచుకుని నవ్వడం ఇదే మొదటిసారి.

ఆరేళ్ళుగా వాడి గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. బాధపడతానని అందరూ మాట దాటేస్తారు. నీ మాస్టరు మాత్రం అడిగాడు. అడిగి, నువ్వు చెప్పేదాకా ఆగాడు. మా అన్నయ్య పాట వినకుండా నీ ఇంట్లో అడుగు పెట్టనన్న మనిషిని నేనెలా కాదంటాను? పైగా నాకు భయపడుతున్నాడట. మా ఆయనకే నేనంటే అంత భయం లేదు. అందుకైనా ఒప్పుకోవాలి.

ఇక నా షరతులు. ఒకటి, నీ పెళ్ళికి నేను మగపెళ్ళివారి వైపు రాను. కిందటిసారి అలా వచ్చాను. కుర్చీ సరిగ్గా వెయ్యలేదని అలిగి మీ నాన్నగారిచేత మూడుసార్లు బతిమాలించుకున్నాను. ఆయనకి ఇప్పటికీ లోపల్లోపల క్షమాపణ చెప్పుకుంటూనే ఉన్నాను. ఈసారి ఆడపెళ్ళివారి తరఫున వస్తాను. నీ తరఫున. సుద్దముక్క మాస్టరు కుర్చీలు ఎలా వేస్తాడో నేను చూస్తాను.

రెండోది, అన్నయ్య పొడవు కోటు నీ గదిలో కొక్కేనికి అలాగే ఉందని తెలుసు. దాన్ని నీ మాస్టరుకి సరిచెయ్యకు. నాకు సరిచెయ్యి. ఆ రోజు అదే తొడుక్కుని వస్తాను. భుజం పద్నాలుగున్నర. నడుము దగ్గర ఎంత వదులు కావాలో నీకు తెలుసు.

చీటీ తిరిగి పంపుతున్నాను. అది మీ ఇద్దరిదీ. ఆయన తప్పులేమీ రాయలేదు. నువ్వు కూడా రాయలేదు.

నీ ఆడపడుచు


కుట్టుగది, కిటికీ పక్క మిషను
మే 9

పంతులమ్మా,

నీ ఉత్తరం మిషను దగ్గరే విప్పాను. మొదటి మాట చదివి ఏడ్చేశాను. గదిలో అందరూ ఏదో అయిందనుకుని చుట్టూ మూగారు. మాస్టరు మాత్రం దూరంగా బల్ల దగ్గరే కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. నేను టేపు తీసి, రెండు చివర్లు కలిపి చూపించాను. కత్తెర బల్ల మీద పెట్టేసి కూర్చుండిపోయాడు. మూడేళ్ళలో ఆయన పనివేళలో కూర్చోవడం ఇదే మొదటిసారి చూశాను. కుర్చీల సంగతి కూడా చెప్పాను. అప్పటినుంచి గదిలో ఉన్న కుర్చీలన్నీ వరుసగా సర్దుతూనే ఉన్నాడు.

మీ అన్నయ్య కోటు నిన్న విప్పాను. కత్తెర పెట్టడానికి ముందు చెయ్యి రాలేదు. మా పెళ్ళయిన ఏడాది కుట్టిన కోటు అది. నేను సొంతంగా కుట్టిన మొదటి కోటు. భుజాల దగ్గర విప్పి, తర్వాత లైనింగు విప్పాను. గుండీల పట్టీ వెనక ఒక చీటీ ఉంది. గుండుసూది తుప్పు పట్టి గుడ్డకి మరక కూడా చేసింది. నా చేతిరాతే, కాకపోతే ఇరవయ్యొకటో ఏటి చేతిరాత, గుండ్రంగా ఉంది. "గుండీలు రెండు పోగులతో గట్టిగా కుట్టాలి. ఈయన లాగేస్తాడు."

ఎప్పుడూ వదల్లేదన్నానే, అది అబద్ధమయిపోయింది. ముప్పై ఏళ్ళలో రెండు చీటీలు వదిలాను. ఒకటి ఆయన కోటులో, ఒకటి నీ కోటులో. ఇంకెవరి బట్టల్లోనూ లేదు. చీటీల డబ్బా మొత్తం లెక్కపెట్టి చూసుకుని మరీ చెబుతున్నాను.

టీ వేళకి మాస్టరుకి చదివి వినిపించాను. అర్రంకాబా లోస్ బొతోనెస్. గుండీలు లాగేసేవాడు. నువ్వు పక్కన లేకపోయినా తోక సరిగ్గానే కత్తిరించాను. ఆయన విని కోటు తన దగ్గరికి లాక్కున్నాడు. పై గుండీ తను కుడతానన్నాడు. మీ అన్నయ్య కోటు మీద ఇంకొకరి సూది పడనివ్వనని ఆరేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. కుట్టనిచ్చాను. రెండు పోగులతో, గట్టిగా కుట్టాడు.

భుజాలు తగ్గించాను. చేతులు కొంచెం పొడవే ఉంచాను, మీ అన్నయ్య చేతులు పొడవు కదా, పూర్తిగా కోసెయ్యబుద్ధి కాలేదు. మడుచుకో. వచ్చే శనివారానికి నీకు అందుతుంది. పెళ్ళి ఆ మరుసటి శనివారం. ముందు రోజే రా, ఆడపెళ్ళివారు ఆలస్యంగా వస్తే బాగుండదు.

చీటీలు రెండూ లైనింగులో పెట్టి కుట్టేశాను. ఈసారి తెలిసే పెట్టాను.

నీ వదిన